పునీత దేవసహాయం గారి కథ చిన్నపిల్లలకు ఎలా చెప్పాలి?

అందరికీ వందనాలు. మా విచారణలో (మా చర్చి పరిధిలో) ఆదివారం పిల్లలకు సత్యోపదేశం చెబుతాను. అంతా పదేళ్ల లోపువాళ్లే. జనవరి 1న మరియమాత పండుగ, తర్వాత ముగ్గురు జ్ఞానుల పండుగ ఏటా బాగానే చేస్తాం. ఈసారి జనవరి 14న దేవసహాయం గారిని కూడా తలుచుకోవాలని నా ఆశ.

తిరువితాంకూరు (ట్రావెన్‌కోర్) రాజుగారి కొలువులో ఉద్యోగి ఆయన, అసలు పేరు నీలకంఠ పిళ్లై. డచ్చి అధికారి డిలనాయ్ చెప్పిన, బైబిల్లోని యోబు కథ విని మనసు మారి, 1745లో జ్ఞానస్నానం తీసుకున్నారు. 1752 జనవరి 14న కాల్చి చంపారు. 2022లో పోప్ గారు ఆయన్ని పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించారు. గురువు (ఫాదర్) కాదు, మనలాంటి సంసారి. అందుకే నాకు అంత దగ్గరగా అనిపిస్తారు.

మొన్న పటం చూపించాను. చేతులకు సంకెళ్లు, మోకాళ్ల మీద ఉన్నారు. ఒక పాప సంకెళ్ల మీద వేలు పెట్టి, "ఈయన ఏం తప్పు చేశాడు టీచర్?" అంది. నాకు నోట మాట రాలేదు. అప్పటినుంచీ ఒకటే టెన్షన్.

పిల్లలు భయపడకుండా ఆ మరణం గురించి ఎలా చెప్పాలి? అసలు ఎంతవరకు చెప్పాలి? తెలుగులో ఆయన మీద పాట గానీ, చిన్న ప్రార్థన గానీ ఉంటే చెప్పండి. సంక్రాంతి సెలవులూ అప్పుడే కదా, ముందు ఆదివారమే చెప్పేస్తే నయమా?