టెలిగ్రామ్ లేని సిస్టమ్ నుంచి రాత్రంతా టెలిగ్రామ్‌కి కనెక్షన్లు, ఏమై ఉంటుంది?

బెజవాడ_సిస్టమ్స్:
విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసుకి సిస్టమ్స్, నెట్‌వర్క్ నేనే చూస్తాను. ఫైర్‌వాల్ లాగ్స్ తిరగేస్తుంటే అకౌంట్స్ సెక్షన్‌లో ఒక సిస్టమ్ రాత్రంతా ఏపీఐ డాట్ టెలిగ్రామ్ డాట్ ఆర్గ్‌కి కనెక్ట్ అవుతూ కనిపించింది. అందులో టెలిగ్రామ్ యాప్ లేదు. ఆ సీట్లో కూర్చునే మేడమ్ బ్రౌజర్‌లో కూడా వాడరట. యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ పెడితే ఏమీ లేదంటోంది. సార్‌కి చెబితే, "టెలిగ్రామే కదా, అందరూ వాడేదే. 20వ తారీఖు లోపు రిటర్నులు వెళ్లాలి, ఇప్పుడు ఆ సిస్టమ్ ముట్టుకోకు" అన్నారు. క్లయింట్ల పాన్ వివరాలు, జీఎస్‌టీ పాస్‌వర్డ్‌లు అన్నీ అందులోనే ఉన్నాయి. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఫార్మాట్ కొట్టేయమంటారా?

కేబుల్_కనెక్షన్:
బ్రదర్, ఫైర్‌వాల్‌లో టెలిగ్రామ్ బ్లాక్ చేసేయండి. అయిపోతుంది.

రాత్రి_షిఫ్ట్:
ఫార్మాట్ ఇప్పుడే వద్దండీ. అది ఎలా వచ్చిందో, ఏం పట్టుకెళ్లిందో చెప్పే ఆధారాలన్నీ పోతాయి. ముందు రిసోర్స్ మానిటర్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ కనెక్షన్ పెడుతున్న ప్రాసెస్ ఏదో చూసి ఫోన్‌తో ఫొటో తీయండి. వెంటనే నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. సిస్టమ్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి.

నేను హైదరాబాద్‌లో సెక్యూరిటీ మానిటరింగ్ టీమ్‌లో పనిచేస్తాను, ఇలాంటి లాగ్స్ చూడడమే నా ఉద్యోగం. మీ అనుమానం సరైనదే. మనుషులు వాడే టెలిగ్రామ్ యాప్‌కి ఆ అడ్రస్‌తో పనిలేదు, అది బాట్‌ల కోసం, అంటే మనిషి లేకుండా ప్రోగ్రామే నడిపే టెలిగ్రామ్ అకౌంట్ల కోసం, పెట్టిన దారి. బ్యాకప్ అలర్ట్‌ల కోసం ఎవరైనా బాట్ సెట్ చేశారేమో ఒకసారి అడగండి. లేదంటే మాల్‌వేర్ అనుకునే పని మొదలుపెట్టండి.

హ్యాకర్ ఒక బాట్ తెరిచి దాని టోకెన్‌ని, అంటే ఆ బాట్‌ని నడిపే రహస్య కోడ్‌ని, మాల్‌వేర్‌లో పెడతాడు. మీ సిస్టమ్ మాటిమాటికీ వెళ్లి "నాకేమైనా మెసేజ్ ఉందా" అని అడుగుతుంది. వాడు చాట్‌లో కమాండ్ టైప్ చేస్తే ఇక్కడ నడుస్తుంది, ఫైళ్లు అదే చాట్‌లోకి వెళ్లిపోతాయి. బయటి నుంచి ఎవరూ లోపలికి రావడం లేదు, మీ సిస్టమే బయటికి వెళ్తోంది. డొమైన్ అసలుదే, సర్టిఫికెట్ అసలుదే, లోపల ఏముందో ఎన్‌క్రిప్షన్ వల్ల కనబడదు. ఫైర్‌వాల్ ఇంక దేన్ని ఆపుతుంది? 2021లో సెక్యూరిటీ కంపెనీ చెక్ పాయింట్ వాళ్లు బయటపెట్టిన టాక్సిక్‌ఐ అనే మాల్‌వేర్ నడిచింది ఇలాగే.

బ్లాక్ చేస్తే అయిపోతుందన్న మాట నేను ఒప్పుకోను. ట్రాన్స్‌పరెంట్ ట్రైబ్ అనే హ్యాకర్ల గ్రూపు మన దేశం మీద వాడిన ఎలైజారాట్ మాల్‌వేర్‌నే చూడండి. టెలిగ్రామ్, స్లాక్, గూగుల్ డ్రైవ్, మూడింటినీ మార్చి మార్చి వాడారు. చైనాకు చెందిన ఏపీటీ41 గ్రూపు గూగుల్ క్యాలెండర్‌లో 2023 నాటి తేదీల మీద ఈవెంట్లు పెట్టి, వాటి వివరణల్లో ఎన్‌క్రిప్ట్ చేసిన ఆదేశాలు దాచేదని 2025లో గూగుల్ వాళ్లే చెప్పారు. ఆఫీసులో డ్రైవ్, క్యాలెండర్ కూడా ఆపేస్తామా?

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం 2017లో సెక్యూరిటీ కంపెనీ ఈసెట్ వాళ్లు బయటపెట్టిన టర్లా అనే హ్యాకర్ల గ్రూపు పని. ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ రూపంలో ఉన్న ఆ మాల్‌వేర్ లోపల సర్వర్ అడ్రస్సే లేదు. బ్రిట్నీ స్పియర్స్ ఇన్‌స్టాగ్రామ్ ఫొటో కింద కామెంట్లు చదివి, ఒక్కోదానికి లెక్క కట్టి, 183 వచ్చిన కామెంట్‌ని పట్టుకునేది. అందులో కంటికి కనపడని గుర్తుల పక్కన ఉన్న అక్షరాలను ఏరితే సర్వర్‌కి దారి చూపే బిట్‌లీ పొట్టి లింకు తయారయ్యేది. సర్వర్ మార్చాలంటే కొత్త కామెంట్ పెడితే చాలు. ఇన్‌స్టాగ్రామ్ చూస్తున్న సిస్టమ్‌ని ఎవరు అనుమానిస్తారు చెప్పండి?

అందుకే మేం డొమైన్ పేరు చూసి ఊరుకోం, దాన్ని పిలుస్తున్న ప్రోగ్రామ్ ఏదో చూస్తాం. క్రోమ్ వెళ్తే ఒక సంగతి. పవర్‌షెల్ గానీ, యాప్‌డేటా ఫోల్డర్‌లోని పేరు తెలియని ఈఎక్స్‌ఈ గానీ వెళ్తే వేరే సంగతి. మనిషి లేని వేళ ఒకే వ్యవధిలో కొట్టుకుంటోందా అన్నది కూడా చూడాలి.

బెజవాడ_సిస్టమ్స్:
అన్నా, మీరు చెప్పినట్టే ఉంది. యాప్‌డేటాలో ఏదో అప్‌డేట్ పేరుతో ఒక ఈఎక్స్‌ఈ. టాస్క్ షెడ్యూలర్‌లో కూడా అదే పేరుతో ఒక టాస్క్ ఉంది. ఫొటో తీసి కేబుల్ తీసేశాను. సార్ రిటర్నుల గురించి ఒకటే తొందర. ఏం చెప్పమంటారు?

రాత్రి_షిఫ్ట్:
రిటర్నులు వేరే సిస్టమ్ నుంచి వేయొచ్చని చెప్పండి. కానీ ముందు ఆ వేరే సిస్టమ్ శుభ్రంగా ఉందో లేదో చూడాలి. ఫైర్‌వాల్ లాగ్స్‌లో ఆ అడ్రస్‌కి ఇంకే సిస్టమ్ వెళ్లింది, మొదటిసారి ఏ తేదీన వెళ్లింది, ఈ రెండూ తీయండి. ఆ తేదీ నుంచి ఆ సీట్లో టైప్ చేసిన ప్రతి పాస్‌వర్డ్ పోయినట్టే లెక్క. క్లయింట్ల జీఎస్‌టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పాస్‌వర్డ్‌లు, ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్ శుభ్రమైన సిస్టమ్ నుంచే మార్చండి. డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) ఉండే యూఎస్‌బీ టోకెన్ ఎప్పుడూ ఆ సిస్టమ్‌కే పెట్టి ఉంచేవారా? అయితే పిన్ కూడా పోయి ఉండొచ్చు. డీఎస్‌సీ ఇచ్చిన వాళ్లతో మాట్లాడి రద్దు చేయించండి.

సార్‌కి ఇంకో మాట కూడా చెప్పండి. సైబర్ దాడులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఇలాంటివి తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, లాగ్స్ 180 రోజులు ఉంచాలి. మీ ఫైర్‌వాల్‌లో పాతవి చెరిగిపోకముందే కాపీ తీసి పెట్టుకోండి.

ఆ ఈఎక్స్‌ఈ ఫైల్ ఇక్కడ పెట్టకండి, హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్) మాత్రం పెట్టండి. ఫైళ్లను చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైట్‌లో కూడా హ్యాష్‌తోనే వెతకండి. ఫైల్ అప్‌లోడ్ చేస్తే దాన్ని తయారుచేసిన వాడికి కూడా తెలిసిపోవచ్చు.