టెక్కలి గ్రానైట్ పాలిష్ కొలవడానికి ఏది మేలు: ఇంటర్‌ఫెరోమీటరా, కన్ఫోకలా?

టెక్కలి_రాయి:
మా పాలిషింగ్ యూనిట్లు కొన్ని కలిసి ఒక కొలత గది పెట్టుకుందామనుకుంటన్నాం. ఇన్నాళ్లూ మెరుపు చూసే మీటరే దిక్కు. అది మెరుపు తగ్గిందని సెప్తాది గానీ ఎందుకు తగ్గిందో సెప్పదు. గ్రిట్ (రాపిడి పొడి) గీతలు మిగిలాయా, అభ్రకం రేకులు ఊడి గుంటలు పడ్డాయా? గీతలైతే హెడ్డు మార్చాలి, గుంటలైతే రెజిన్ పట్టించాలి. అమ్మేవోళ్లు ఇద్దరొచ్చారు. ఒకాయనది తెల్లకాంతి ఇంటర్‌ఫెరోమీటర్, ఇంకొకాయనది కన్ఫోకల్; రెండూ పలక మీది ఎత్తుపల్లాల్ని కాంతితో కొలిచే మైక్రోస్కోపులే. ఎవలికి వాళ్లు మాదే వేగం అంటన్నారు.

విజయనగరం_మెట్రాలజీ:
పాలిష్ అయిన రాయికి ఇంటర్‌ఫెరోమీటరే తీసుకోండి. పలక మీంచి వచ్చే కాంతి, లోపలి అద్దం మీంచి వచ్చే కాంతి కలిసినప్పుడు చారలు కనిపిస్తాయి. తెల్లకాంతికి అవి కొద్ది మైక్రాన్ల ఎత్తులోనే ఉంటాయి కాబట్టి, లెన్సును పైకీ కిందికీ జరుపుతూ ఒక్కో పిక్సెల్‌లో చార ఎక్కడ బలంగా ఉందో చూస్తే ఎత్తు తెలిసిపోతుంది. అసలు గొప్పతనం ఇంకొకటి: ఎత్తు కొలిచే సున్నితత్వం లెన్సు ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపిస్తుందన్న దాని మీద ఆధారపడదు. 5 రెట్ల లెన్సుతో వెడల్పుగా చూస్తూనే నానోమీటర్లు పట్టుకోవచ్చు. కన్ఫోకల్ ఫోకస్‌లో ఉన్న ఎత్తు నుంచి వచ్చే కాంతినే తీసుకుంటుంది; దానికి 5 రెట్ల లెన్సు పెడితే ఎత్తు మసకబారిపోతుంది.

బొబ్బిలి_ఇన్‌స్పెక్షన్:
మేడమ్, మీరు చెప్పింది అద్దంలాంటి చోట నిజం. కానీ ఆయన అడిగింది గుంటల గురించి కూడా. లెక్క వేసి చూద్దాం. ఇంటర్‌ఫెరోమీటర్ మామూలుగా తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతు చొప్పున, అంటే 75 నానోమీటర్ల అడుగుతో జరుగుతుంది. 100 మైక్రాన్ల లోతు గుంట దాటాలంటే 1,300కు పైగా ఫ్రేములు. కెమెరా సెకనుకు 100 తీస్తే 13 సెకన్లు. అంతసేపూ బల్ల కదలకూడదు. పక్కన రంపపు మిషన్ తిరుగుతుంటే చారలు చెదిరిపోతాయి.

కన్ఫోకల్‌లో 20 రెట్ల లెన్సుతో మైక్రాన్ చొప్పున 100 అడుగులు చాలు. కన్ఫోకల్‌కు దాన్ని కనిపెట్టిన మిన్‌స్కీ 1957లో పేటెంట్ దరఖాస్తు పెట్టినప్పటి పద్ధతిలో సూదిరంధ్రం గుండా ఒక్కో చుక్కే చూడాలి, అది నిదానం. ఇప్పుడు అలా అక్కర్లేదు. తిరిగే పళ్లెంలో వేల రంధ్రాలుంటాయి. లేదంటే పలక మీద గళ్ల కాంతి వేసి, గళ్లను కొంచెం జరుపుతూ మూడు ఫొటోలు తీసి, ఫోకస్‌లో లేని కాంతిని లెక్కతోనే తీసేస్తారు. 1997లో నీల్, యుస్కైటిస్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు చూపించిన దారి ఇది. అడుగుకు మూడు ఫ్రేములు వేసుకున్నా 300, మూడు సెకన్లు. కంపనం తగిలినా చారలంత సులువుగా చెడదు.

విజయనగరం_మెట్రాలజీ:
100 మైక్రాన్లు ఎందుకు వేశారు? గీతల కోసమైతే 10 మైక్రాన్ల ఎత్తు చాలు, నాకు 133 ఫ్రేములు, ఒకటిన్నర సెకను కూడా పట్టదు. పైగా నేను ఒక్కసారికి చూసే జాగా మీ 20 రెట్ల లెన్సు చూసేదానికి చాలా ఎక్కువ. మీరు పక్కపక్కన ఎన్నో ఫొటోలు అతికించుకోవాలి. పలక వెడల్పు మొత్తం లెక్కలోకి తీసుకుంటే వేగం నాదే.

బొబ్బిలి_ఇన్‌స్పెక్షన్:
జాగా విషయంలో మీరే గెలిచారు, ఒప్పుకుంటాను. అయినా ఈ రాయి లోహం కాదు. క్వార్ట్జ్‌లోకి కాంతి దూరి కింది పగులు మీంచి కూడా వెనక్కి వస్తుంది, ఒకే చోట కాంతి రెండు ఎత్తుల్లో బలంగా, రెండు శిఖరాల్లా కనిపిస్తుంది. పై శిఖరాన్నే తీసుకోమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోతే లేని గుంట ఉన్నట్టు చూపిస్తుంది. ఇది రెండు పద్ధతులకూ ఉన్న ఇబ్బందే. మాగ్నటైట్ లాంటి నల్ల గింజల దగ్గర ఇంటర్‌ఫెరోమీటర్‌కు ఇంకో తేడా: అలాంటి గింజ కాంతిని తిప్పికొట్టేటప్పుడు కాంతి అల దశ (అల ఎగుడుదిగుళ్ల వరస) కొంచెం జరిగి, కొన్ని నానోమీటర్ల అబద్ధపు మెట్టు వస్తుంది. మీ నానోమీటర్లను నమ్మేది అక్కడే కదా.

రాజాం_విద్యార్థి:
అన్నా, ఫోకస్ జరుపుతూ ఒక్కో చోటు ఎక్కడ స్పష్టంగా ఉందో చూసి ఎత్తు చెప్పే ఫోకస్ వేరియేషన్ ఎవరూ చెప్పలేదేం? చవకగా దొరుకుతుంది కదా.

విజయనగరం_మెట్రాలజీ:
దానికి గరుకు ఉండాలి బాబూ. కోత పలక మీద బాగా పనిచేస్తుంది. అద్దం పాలిష్ మీద పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

టెక్కలి_రాయి:
మరి రాయి మీద సూదిని ఈడ్చి ఎత్తుపల్లాలు సెప్పే సూది మిషన్? అది సాలదా?

బొబ్బిలి_ఇన్‌స్పెక్షన్:
ఒక్క వరస వెంబడి చూడ్డానికి చాలు. ఒక మిల్లీమీటరు చదరానికి 5 మైక్రాన్ల ఎడంతో 200 సార్లు సూదిని లాగాలి. సెకనుకు అర మిల్లీమీటరు చొప్పున ఆరున్నర నిమిషాలు దాటుతుంది, సూది వెనక్కి రావడం వేరే. గుంట ఆకారం తెలియాలంటే కాంతే శరణ్యం.

నా మాట ఇది: మీ నష్టం గుంటల వల్లే ఎక్కువైతే కన్ఫోకల్ కొనండి. మీకొచ్చే తిరస్కారాలు గీతల వల్లే అయితే, గదిలో కంపనం ఆపగలిగితే, మేడమ్ చెప్పిందే కొనండి. కొనేముందు వెనక్కొచ్చిన పలకల్లోంచి ముక్కలు కోసి ఇద్దరికీ ఇచ్చి, రంపం తిరుగుతుండగా కొలిచి చూపించమనండి.

టెక్కలి_రాయి:
ముక్కలు కోయిస్తాను. అంచు పాలిష్ కూడా అందులోనే అయిపోతాదా మాస్టారూ? 45 డిగ్రీల చెక్కు.

విజయనగరం_మెట్రాలజీ:
నేరుగా పెడితే అవదు. 20 రెట్ల లెన్సు అపర్చర్ (ఎంత వెడల్పు కోణంలో కాంతిని పోగుచేస్తుందో చెప్పే కొలత) 0.45 అయితే నున్నని వాలు 27 డిగ్రీల లోపే కాంతి వెనక్కి అందుతుంది. నా 5 రెట్ల లెన్సుకు ఇంకా తక్కువ. ముక్కను వంచి పట్టే స్టాండు ధరలో కలిపి అడగండి.