35 సెంట్ల పేపర్‌బ్యాక్ మీద సంతకం: కొనాలా, వద్దా?

అటకమీదపెట్టె:
ఇండియానాపొలిస్‌లో ఉంటాను. నవలా రచయిత కర్ట్ వానెగట్ పుట్టిన ఊరు. ఆయన పేరున ఇక్కడ మ్యూజియం కూడా ఉంది. ఆ గాలి సోకి రెండేళ్లుగా ఆయన పుస్తకాలు పోగేస్తున్నాను. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఒకాయన 'ది సైరెన్స్ ఆఫ్ టైటన్' 1959లో డెల్ అనే ప్రచురణ సంస్థ వేసిన పేపర్‌బ్యాక్ అమ్మకానికి పెట్టాడు, లోపల సంతకం ఉంది. అడిగే ధర మా కారు నెల వాయిదా కంటే ఎక్కువ. అట్ట మీద వెల 35 సెంట్లు. అది చూసి మా ఆవిడ నవ్వు ఇంకా ఆగలేదు. పేపర్‌బ్యాక్‌కి అంత పెట్టడం సబబేనా?

గోదారిగట్టు:
వద్దండీ. సంతకమే కావాలంటే హార్డ్‌కవర్ కొనుక్కోండి. అప్పటి చవక పుస్తకాల కాగితం న్యూస్‌ప్రింట్ లాంటిది, ఆమ్లం వల్ల అంచుల నుంచి గోధుమరంగుకి తిరుగుతుంది. నా దగ్గర అలాంటిదొకటి ఉంది, వేరే రచయితది. ఓసారి మా అబ్బాయి మధ్యకి తెరిచాడు. వీపు దగ్గర జిగురు టప్పుమంది, ఎనిమిది పేజీలు వాడి చేతిలోకి వచ్చాయి. అప్పట్నుంచి ఆవకాయ జాడీకి తడి చెయ్యి తగలనీయనట్టు కాపాడుతున్నాను. చదవలేనప్పుడు ఎందుకండీ?

పాతసంచిక:
కాగితం సంగతి నిజమే గానీ, హార్డ్‌కవర్ సలహా దగ్గర పొరబడ్డారు. ఈ నవల మొదట వచ్చిందే పేపర్‌బ్యాక్‌గా. హార్డ్‌కవర్ 1961లో హూటన్ మిఫ్లిన్ వాళ్లు వేశారు. ఆయన ఇంకో నవల 'మదర్ నైట్' కూడా అంతే, ఫాసెట్ సంస్థ 'గోల్డ్ మెడల్' పేరుతో వేసే పేపర్‌బ్యాక్‌గానే పుట్టింది. ఆయనకి పెద్ద పేరు తెచ్చిన 'స్లాటర్‌హౌస్-ఫైవ్' 1969లో గానీ రాలేదు. అప్పట్లో ఇవి మందుల షాపుల్లో, బస్టాండుల్లో స్టాండ్ల మీద అమ్మే సరుకు. కొన్నారు, చదివారు, పారేశారు. అందుకే శుభ్రమైన కాపీ దొరకదు. ఫస్ట్ ఎడిషన్ మీద సంతకం అంటే మీరు చూసిన ఆ పేపర్‌బ్యాకే. అట్ట మందం చూసి వెల కట్టడం మన జబ్బు.

ఇంతకీ సంతకం ఎలా ఉంది? తర్వాతి రోజుల్లో ఆయన మెలికల గీతతో పక్కనుంచి చూసినట్టు తన ముఖం గీసేవాడు, జుట్టు, మీసంతో సహా. సంతకంలో నక్షత్రం గుర్తు కూడా పెట్టేవాడు. ఆ గుర్తు 1973 నాటి 'బ్రేక్‌ఫాస్ట్ ఆఫ్ ఛాంపియన్స్'లో ఆయన వేసిన బొమ్మ. దేని బొమ్మో ఇక్కడ రాయలేను, పిల్లలుంటారు.

అటకమీదపెట్టె:
ముఖం ఉంది, నక్షత్రమూ ఉంది. పైన "ఫలానా ఆమెకి" అని ఎవరి పేరో.

గోదారిగట్టు:
అయితే ఇంకా తగ్గించి అడగండి. ఒకరి పేరు చెక్కిన స్టీలు గిన్నె మనం కొనుక్కున్నట్టు.

పాతసంచిక:
నాకైతే పేరున్నదే ఇష్టం. నక్షత్రం ఉందంటే అచ్చయిన పద్నాలుగేళ్లకో ఇంకా తర్వాతో పెట్టించుకున్నదై ఉండాలి. అప్పటికే పసుపెక్కిన పుస్తకాన్ని ఆమె సంచీలో వేసుకుని ఆయన దగ్గరికి వెళ్లిందన్నమాట.

నిద్రపట్టనివాడు:
మాస్టారూ, కథ బాగుంది. ఆ సంతకం ఆయనదేనా? గీతల బొమ్మ దొంగకీ తేలికే. ఆయన 2007లో పోయారు, అడగడానికి లేదు. ఉన్నవాళ్ల సంతకాలకే గ్యారంటీ లేదు. 2022లో గాయకుడు బాబ్ డిలన్ రాసిన పుస్తకాన్ని చేత్తో సంతకం చేసిన కాపీ అని 599 డాలర్లకి అమ్మారు. తీరా చూస్తే మెషిన్ పెట్టిన సంతకాలు, ప్రచురణకర్త డబ్బు వెనక్కి ఇచ్చాడు. సర్టిఫికెట్ ఇస్తామంటే నమ్మకండి, అది ఇంట్లో ప్రింటర్ మీద కూడా వస్తుంది. ఆ పేజీ వెనక వైపు ఫోటో అడగండి. అలాంటి కాగితం మీద స్కెచ్ పెన్ను సిరా మామూలుగా అవతలికి దిగుతుంది. ఆయన చెయ్యే అని దాంతో తేలదు గానీ, స్కాన్ తీసి ప్రింట్ కొట్టిందైతే దొరికిపోవచ్చు.

అటకమీదపెట్టె:
మొన్న రాత్రే అడిగాను. అప్పటిదాకా నిమిషాల్లో జవాబిచ్చిన మనిషి రెండ్రోజులు పలకలేదు. ఇవాళ పొద్దున చూస్తే ధర 50 డాలర్లు తగ్గించాడు. ఫోటో మాత్రం రాలేదు.