90 దగ్గర స్టీరింగ్ వణికితే ముందు సస్పెన్షన్ మార్చాలా, టైర్ల సంగతి తేల్చాలా?

హిందూపురం_వాడు:
ఉండేది బెంగళూరు, పండగలకీ పెళ్ళిళ్ళకీ అనంతపురం వైపు వెళ్తుంటాం. మాది 2010 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. సిటీలో ఏమీ తెలీదు. దేవనహళ్ళి దాటి 80 ఎక్కిందంటే స్టీరింగ్ వణకడం మొదలు. 90 దగ్గర చేతులు తిమ్మిరెక్కుతాయి, 100కి వచ్చేసరికి చాలావరకు తగ్గిపోతుంది. మా ఏరియా గ్యారేజీలో ‘పాత బండి కదా సార్, లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింద బండికి పట్టి ఉంచేవి), టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ని చక్రానికి కలిపేవి), స్ట్రట్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ జత) అన్నీ ఒకేసారి లేపేద్దాం’ అని 34 వేలు ఎస్టిమేట్ ఇచ్చారు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ ఈమధ్యే అయ్యాయి. మార్చేయమంటారా?

జేసీరోడ్_పార్ట్స్:
మార్చేయండి. లక్ష దాటిన బండి, పైగా మన రోడ్లు. ఈపాటికి లోయర్ ఆర్మ్ బండికి కలిసేచోట ఉండే బుష్‌ల రబ్బరు పగిలిపోయి ఉంటుంది. బుష్ పోతే లోయర్ ఆర్మ్ ముందుకీ వెనక్కీ ఆడుతుంది, వణుకు నేరుగా స్టీరింగ్‌కి వస్తుంది. ఒక్కొక్కటీ మారుస్తూ పోతే ప్రతిసారీ లేబర్, ప్రతిసారీ అలైన్‌మెంట్. జేసీ రోడ్డు స్పేర్ పార్టుల షాపులకొచ్చి పార్టులు మీరే కొనుక్కుంటే 34 వేలు అవ్వదు కూడా.

మారతహళ్ళి_మామ:
యాక్సిల్ పోయుంటుంది. మా బావమరిది బండికీ ఇదే కథ.

కేఆర్‌పురం_డీజిల్:
మామా, యాక్సిల్ అయితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వణికి, కాలు తీయగానే ఆగాలి. గేర్‌బాక్స్ వైపుండే లోపలి జాయింట్ అరిగితే అలా చేస్తుంది. చక్రం వైపుండే బయటి జాయింట్ అయితే స్టీరింగ్ ఫుల్‌గా తిప్పినప్పుడు టకటకమంటుంది. హిందూపురం అన్నా, 90లో ఉండగా కాలు తీసి చూశారా? బ్రేక్ మీద కాలు పెడితే వణుకు పెరుగుతోందా? పెరిగితే డిస్కులు చూడాలి.

హిందూపురం_వాడు:
చూశాను. కాలు తీసినా అంతే, న్యూట్రల్ వేసినా అంతే. బ్రేక్‌కీ దీనికీ సంబంధం లేదు.

కేఆర్‌పురం_డీజిల్:
అయితే ఇంజిన్ పక్కన పెట్టండి, యాక్సిల్ అనుమానం కూడా బాగా తగ్గింది. మీరు మామూలుగా చెప్పేశారు గానీ, 100 దగ్గర తగ్గిపోతోంది అన్నారు చూడండి, అసలు క్లూ అదే. ఈ సైజు బండి టైరు చుట్టుకొలత దాదాపు 1.9 మీటర్లు. 90 స్పీడంటే సెకనుకు 25 మీటర్లు, అంటే చక్రం సెకనుకు 13 సార్లు తిరుగుతోంది. చాలా కార్లలో ముందు చక్రం సస్పెన్షన్ మీద తనంతట తాను ఎగిరే లయ కూడా సెకనుకు 10 నుంచి 15 మధ్యే ఉంటుంది. ఉయ్యాల ఊగే లయకే తోసినట్టు రెండూ కలిసినచోట వణుకు పెద్దదవుతుంది, దాటితే తగ్గుతుంది. ఇలా ఒక స్పీడ్ దగ్గరే పట్టుకుని వదిలేదైతే నా మొదటి అనుమానం చక్రం మీదే: టైరు, రిమ్ము, బరువు. లోయర్ ఆర్మ్‌ని చక్రానికి కలిపే బాల్ జాయింట్ లూజైతే 30లో హంపు ఎక్కినా టక్ మంటుంది, హైవే దాకా ఆగదు.

అలైన్‌మెంట్ మాట ఎత్తకండి. అది తప్పితే బండి పక్కకి లాగుతుంది, టైరు ఒక వైపు అరుగుతుంది. వణుకు దానివల్ల నేరుగా రాదు.

హిందూపురం_వాడు:
బ్యాలెన్సింగ్ మెషీన్ నా కళ్ళముందే సున్నా చూపించింది కదన్నా?

కేఆర్‌పురం_డీజిల్:
మెషీన్ చూసేది బరువు సమంగా పడుతోందా లేదా అనే. టైరు గుండ్రంగా ఉందా, టైరు లోపలి ఉక్కు బెల్టు విడిపోయిందా అన్నది మామూలు మెషీన్ చెప్పదు. ముందు చక్రం జాకీ మీద లేపి, జాకీ స్టాండ్ పెట్టి, ట్రెడ్‌కి (టైరు రోడ్డుకి ఆనే భాగం) దగ్గరగా స్క్రూడ్రైవర్ కదలకుండా ఆనించి చక్రాన్ని నెమ్మదిగా తిప్పండి. మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే దొంగ దొరికినట్టే. సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద తయారీ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి: 3517 అని ఉంటే 2017లో 35వ వారం. రిమ్ము లోపలివైపు కూడా తడమండి. ఎండిన మట్టి పెళ్ళ ఉన్నా, బ్యాలెన్సింగ్‌కి అతికించిన సీసం ముక్క వాటర్ వాష్‌లో ఊడినా అంతే సంగతులు.

వీటన్నిటికంటే తేలికైనది, ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి వేయించడం. పంచర్ షాపులో వందల్లో అయిపోతుంది. వణుకు స్టీరింగ్ వదిలి సీటు కిందకి వస్తే 34 వేలు మిగిలినట్టే.

జేసీరోడ్_పార్ట్స్:
లెక్క బాగానే ఉంది గురూ, కానీ అదే టైరు కొత్త బండికి వేస్తే డ్రైవర్‌కి సగం కూడా తెలీదు. బుష్‌లు గట్టిగా ఉంటే వణుకు అక్కడే చచ్చిపోతుంది. టైరు మార్చి జబ్బు కప్పెడతారా?

కేఆర్‌పురం_డీజిల్:
కప్పెట్టమనలేదు. బుష్ వణుకుని పెంచుతుంది, పుట్టించేది చక్రం. పుట్టించేదాన్ని వదిలేసి 34 వేలు పోస్తే కొత్త బుష్‌లు కొన్నాళ్ళు మింగుతాయి, మెకానిక్‌కి పేరొస్తుంది. కొన్నాళ్ళకి మళ్ళీ మొదలు.

హిందూపురం_వాడు:
టైర్లు మార్పించి బాగేపల్లి టోల్ దాకా వెళ్ళొచ్చాను. స్టీరింగ్ దాదాపు నిలకడగా ఉంది, ఇప్పుడు వెనక సీటు వణుకుతోంది. విప్పినప్పుడు చూస్తే ఒక టైరు ట్రెడ్ మధ్యలో అరచేయంత మేర ఉబ్బి ఉంది. కోడ్ 2316. అయితే జాకీ మీద లేపినప్పుడు ఎడమ లోయర్ ఆర్మ్ వెనక బుష్‌లో వేలు దూరేంత పగులు కూడా కనిపించింది.

జేసీరోడ్_పార్ట్స్:
చెప్పానా!

కేఆర్‌పురం_డీజిల్:
చెప్పావు, స్ట్రట్లు కూడా చెప్పావు :) ముందు ఆ ఉబ్బిన టైరుతో హైవే ఎక్కకండి, పగిలిపోతుంది. అదే వయసు టైర్లయితే నాలుగూ మార్చేయండి. తర్వాత ఎడమ లోయర్ ఆర్మ్.

జేసీరోడ్_పార్ట్స్:
ఎడమ ఒక్కటేనా? కుడిదీ అన్నే కిలోమీటర్లు తిరిగింది. నేనైతే జతే వేస్తాను. ఒకటైనా రెండైనా సరే, బుష్ బోల్టుల చివరి టైటింగ్ బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే చేయమనండి. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడి నెలల్లో చిరుగుతుంది. చాలామంది కుర్రాళ్ళు లిఫ్ట్ మీదే బిగించి పంపేస్తారు, పక్కన నిలబడి చూసుకోండి.