మైక్రాన్ షేర్లు: డౌన్‌గ్రేడ్ వచ్చినప్పుడల్లా అమ్మేయాలా?

ప్రశ్న:
నా దగ్గర మైక్రాన్ (మెమరీ చిప్‌లు తయారుచేసే అమెరికా కంపెనీ) షేర్లు ఉన్నాయి, పదేళ్లు కదపకూడదనే కొన్నాను. కానీ ఏదో ఒక బ్రోకరేజీ రేటింగ్ తగ్గించినా, కస్టమర్ల దగ్గర చిప్‌ల నిల్వ పేరుకుపోయిందన్న మాట వినిపించినా ఒక్కరోజులో దారుణంగా పడుతోంది. లాంగ్ టర్మ్ పట్టుకున్నవాళ్లు అసలు ఏం చూసి ఆగుతారు, ఏం చూసి బయటికొస్తారు?

జవాబు 1:
మెమరీ చిప్‌లలో ఇది మామూలేనండి. కొత్త ఫ్యాబ్ (చిప్ ఫ్యాక్టరీ) కట్టి సరుకు బయటికి రావాలంటే ఏళ్లు పడుతుంది, ఈలోపు కొరత భయంతో కొనేవాళ్లు అవసరానికి మించి ఆర్డర్లు పెడతారు, అది చూసి అన్ని కంపెనీలూ ఉత్పత్తి పెంచుతాయి, తీరా సరుకు వచ్చేసరికి గోదాముల్లో పాత నిల్వే ఉంటుంది. 2021 కొరత తర్వాత జరిగింది ఇదే. మైక్రాన్ ఆదాయం 2022 ఆర్థిక సంవత్సరంలో దాదాపు 3,080 కోట్ల డాలర్లు, మరుసటి ఏడు అందులో సగం, పైగా 580 కోట్లు నష్టం. 2025కి వచ్చేసరికి 3,700 కోట్లు దాటింది. బ్రోకరేజీ సంస్థ మోర్గాన్ స్టాన్లీ 2021 ఆగస్టులోనే మెమరీకి గడ్డుకాలం వస్తోందని హెచ్చరించింది. ఆ మాట తప్పు కాలేదు, కానీ షేరు ముందు 70 నుంచి 90 డాలర్ల పైకి వెళ్లి, ఆ తర్వాతే 50 దగ్గరికి దిగింది. రేటింగ్ చూసి టైమింగ్ చేయడం ఎంత కష్టమో చూడండి.

జవాబు 2:
పీఈ (షేరు ధర, ఒక్కో షేరు లాభానికి ఎన్ని రెట్లో) తక్కువుందని మాత్రం కొనకండి! లాభాలు తారస్థాయిలో ఉన్నప్పుడే ఇక్కడ పీఈ చవగ్గా కనిపిస్తుంది, నష్టాల్లో ఉన్నప్పుడు అసలు పీఈయే ఉండదు. నేను చూసేవి నిల్వ ఎన్ని రోజులకు సరిపడా ఉంది, పోటీ మెమరీ కంపెనీలైన శాంసంగ్, హైనిక్స్ కొత్త ఫ్యాబ్‌ల మీద ఎంత పెడుతున్నాయి, అంతే.

జవాబు 3:
ఓపిక పడితే అన్నీ లేస్తాయని మాత్రం అనుకోవద్దు బ్రదర్. మెమరీ చిప్ కంపెనీలే అయిన కిమోండా 2009లో, ఎల్పిడా 2012లో దివాలా తీశాయి, ఎల్పిడాను తర్వాత మైక్రానే కొనుక్కుంది. ఇంటెల్ 2000లో 70 డాలర్లు దాటింది, 2024లో 20 దగ్గరుంది, డివిడెండ్ కూడా ఆపేశారు. అది నిల్వల సమస్య కాదు, తయారీలో తైవాన్ చిప్ కంపెనీ టీఎస్‌ఎంసీ కంటే వెనకబడటం. నిల్వలు పెరిగితే ఆగుతాను, టెక్నాలజీలో వెనకబడితే అమ్మేస్తాను.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. నేను పనిచేసేది కూడా హైదరాబాద్‌లో చిప్ డిజైన్‌లోనే, ఆర్‌ఎస్‌యూలు (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్లు) కూడా వస్తుంటాయి.

జవాబు 3:
అయితే ముందు అది చూసుకోండి. 2022 చివర్లో మైక్రాన్ పదిశాతం ఉద్యోగాలు తగ్గిస్తామంది, అప్పటికే షేరు పడిపోయి ఉంది. జీతం, ఆర్‌ఎస్‌యూలు, పొదుపు మూడూ చిప్ రంగం ఎగుడుదిగుళ్ల మీదే పెట్టకండి. ఆర్‌ఎస్‌యూలు చేతికొచ్చినప్పుడల్లా కొంత అమ్మి వేరేచోట పెట్టండి.