నేల కుంగితే తప్పు బోర్లదా, సున్నపురాయిదా?

పాపాఘ్ని గట్టు:
2015 నవంబరు, డిసెంబరు వానల తర్వాత కడప పక్కనే చింతకొమ్మదిన్నె మండలంలో చేలల్లో, ఊళ్ల దగ్గర నేల ఉన్నట్టుండి కుంగి పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వచ్చి చూశారు. కింద సున్నపురాయి కరిగి ఖాళీలు ఏర్పడ్డాయని, భూగర్భ జలాన్ని విపరీతంగా తోడేయడం కూడా తోడైందని చెప్పారు. జనంలో మాత్రం ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. మా బంధువుల ఊరు ఆ పక్కనే. కొత్త బోరు వేయాలని ఇంట్లో ఒకరంటే, వద్దే వద్దని ఇంకొకరు. అందుకే సూటిగా అడుగుతున్నా. ఆ గుంతలకు కారణం బోర్లేనా? బోర్లు లేకపోయినా పడేవేనా? ఊరికే అవును, కాదు అని కాకుండా ఎందుకో కూడా రాయండి.

చీనీతోట:
బోర్లే కారణమైతే అనంతపురం జిల్లా ఈపాటికి సగం కుంగిపోయి ఉండాల. అక్కడ వెయ్యి అడుగులు దించినా చుక్క పడని చేలున్నాయి. ఒక్కో తోటలో ఎండిపోయిన బోర్లే నాలుగైదు కనిపిస్తాయి. మరి అక్కడ నేల ఎందుకు కుంగలేదు?

ఇంకో మాట. గుంతలు పడింది ఎండాకాలంలో కాదు, వానలు దంచికొట్టినాక. నీళ్లు తోడితే నేల కుంగుతుందంటే, నీళ్లు నిండే కాలంలో ఎట్లా కుంగింది? ఏం జరిగినా మొదట రైతు బోరు మీద పడతారు. నాకు అదే బాధ.

రాళ్లపాఠం:
అన్నా, మీరడిగిన రెండు ప్రశ్నలూ గట్టివే. కాలేజీలో భూగర్భ శాస్త్రం చెప్పేవాణ్ని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

మొదట అనంతపురం సంగతి. ఆ జిల్లాలో ఎక్కువ భాగం కింద ఉన్నది గ్రానైట్, నైస్ జాతి రాయి. అది నీటికి కరగదు. పగుళ్లలో ఎంత నీరుంటే అంతే. నీళ్లు తోడేస్తే పగులు ఎండిపోతుంది గానీ రాయి అట్లాగే నిలబడి ఉంటుంది. కడప, కర్నూలు, నంద్యాల వైపు చాలా చోట్ల సున్నపురాయి ఉంది. మన ఇళ్లలో పరిచే కడప బండ అదే. శాస్త్రవేత్తలు దాన్ని నార్జి సున్నపురాయి అంటారు. వాన నీరు గాలిలోంచి, అంతకంటే ఎక్కువగా మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని పలచని ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు పగుళ్లలో దిగుతూ సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు అట్లా తయారైనవే. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాలు చేయిస్తే పాతకాలపు జంతువుల ఎముకలు దొరికాయి. అంటే బోరు అన్న మాటే లేని రోజులకు ఎంతో ముందే ఆ గుహలున్నాయి. రాయి కరిగి గుహ కావడానికి వేల ఏళ్లు, లక్షల ఏళ్లు పడుతుంది. ముప్పై నలభై ఏళ్లుగా వేస్తున్న బోర్లు గుహను తొలిచాయంటే నేను ఒప్పుకోను. అక్కడి వరకు మీతోనే ఉన్నాను.

కానీ ఖాళీ ఏర్పడటం వేరు, పైకప్పు పడిపోవడం వేరు. సున్నపురాయి మీద మందంగా మట్టి ఉన్న చోట రాతి పగుళ్ల గుండా మట్టి కొంచెం కొంచెంగా కిందికి జారి, మట్టిలోనే ఒక డొల్ల పైకి పెరుగుతూ వస్తుంది. పైన చూస్తే చేను చేనులాగే ఉంటుంది. కింద నీరు నిండుగా ఉన్నంత కాలం ఆ కప్పు బరువులో దాదాపు సగం నీరే మోస్తుంది. నీటి మట్టం పడిపోయిందంటే ఆ మోత పోయి, మొత్తం బరువు మట్టి మీదే పడుతుంది. కరువు ఏళ్లలో ఇది జరిగిపోయి ఉంటుంది. కప్పు మాత్రం అప్పుడే పడాలని లేదు. ఆ తర్వాత పెద్ద వాన పడితే పైమట్టి తడిసి బరువెక్కుతుంది, మెత్తబడుతుంది. దిగే నీరు కింద ఖాళీగా ఉన్న సందుల్లోకి మట్టిని ఈడ్చుకుపోతుంది. గుంత పడేది అప్పుడు. ఎండలో బలహీనపడింది వానలో కూలింది. మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇదే.

చీనీతోట:
సార్, బాగా చెప్పారు. కానీ ఇది లెక్కల్లో బాగుండే మాట. నీళ్లు తోడటం వల్లే గుంతలు పడ్డాయని ఎక్కడైనా తేలిందా?

రాళ్లపాఠం:
తేలింది. 2010 జనవరిలో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ప్లాంట్ సిటీ ప్రాంతంలో 11 రోజులు గడ్డకట్టే చలి వచ్చింది. స్ట్రాబెర్రీ పంటను కాపాడుకోవడానికి రైతులు రాత్రుళ్లు బోర్లు ఆపకుండా తోడి చేల మీద చల్లారు. భూగర్భ నీటి మట్టం దాదాపు 60 అడుగులు పడిపోయింది. ఆ కొద్ది రోజుల్లోనే 140 దాకా గుంతలు పడ్డాయి. అక్కడా కింద ఉన్నది సున్నపురాయే.

దక్షిణాఫ్రికాలో ఇంకా ఘోరం జరిగింది. బంగారు గనుల్లోకి నీరు రాకుండా, సున్నపురాయి లాగే నీటికి కరిగే డోలమైట్ రాతి పొరల్లోని నీటిని ఏళ్ల తరబడి తోడేశారు. 1962 డిసెంబరులో వెస్ట్ డ్రీఫోంటైన్ గని దగ్గర రాళ్లు పిండి చేసే ప్లాంటు మొత్తం గుంతలోకి దిగిపోయింది. 29 మంది చనిపోయారు.

చీనీతోట:
ఫ్లోరిడాలో పదకొండు రోజులకే 140 గుంతలు. మన దగ్గర ఏడాది పొడవునా తోడుతున్నాం, మరి ఇక్కడ వేలల్లో పడాల గదా? పడలేదు. అంటే బోర్లకంటే పెద్ద కారణం ఇంకేదో ఉంది. నాకైతే అట్లానే అనిపిస్తాది.

రాళ్లపాఠం:
ఉంది, అదే మట్టి మందం. బేతంచెర్ల, ఎర్రగుంట్ల క్వారీల దగ్గర బండ పైకే తేలి కనిపిస్తుంది. పైన మట్టే లేనప్పుడు కూలేది ఏముంటుంది? రాతికప్పు అంత తేలిగ్గా పడదు. వంకల పక్కన, కొండల కింద సున్నపురాయి మీద మట్టి బాగా పేరుకున్న చోట్లే ప్రమాదం. అందుకే అన్ని ఊళ్లకూ ఒకే మాట చెప్పలేం. ఫ్లోరిడాలో నీటి మట్టం రోజుల్లో పడిపోయింది, మన దగ్గర ఏళ్ల తరబడి దిగుతూ వచ్చింది. ఆ తేడా కూడా ఉంది.

ఎర్రమల కోన:
భూకంపం వల్ల కాదా? మా ఊళ్లో చాలామంది అదే అంటున్నారు.

రాళ్లపాఠం:
భూకంపమైతే చుట్టుపక్కల అన్ని ఊళ్లలో ఒకేసారి ఊపు తెలుస్తుంది. గోడలన్నీ కదులుతాయి. ఇక్కడ ఈ రోజు ఒక చేలో, ఇంకొన్నాళ్లకు మరో చోట, గుండ్రంగా, ఒక్కొక్కటిగా పడ్డాయి. కాబట్టి ఆ భయం వద్దు.

బోరుబండి:
సార్ చెప్పిన దాంట్లో ఒకటి మిగిలిపోయింది. నేను చాలా ఏళ్లు బోరు బండి మీద పనిచేశాను. సున్నపురాయిలో దింపుతుంటే కొన్నిచోట్ల రాడ్డు ఒక్కసారిగా జారుతుంది. కంప్రెసర్ గాలి వెనక్కి రాదు, రాతిపొడి పైకి రాదు. ఖాళీ తగిలినట్టు లెక్క. రైతు మొహం వెలిగిపోతుంది, ఎందుకంటే అట్లాంటి చోట నీళ్లు దండిగా పడతాయి. వద్దని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

మేము కేసింగ్ పైపు గట్టి రాయి తగిలే దాకానే దించుతాం. పైపు చుట్టూ ఉన్న సందును సరిగ్గా మూయరు. డబ్బులు మిగులుతాయని నాలుగు పారల మట్టి తోసి వదిలేస్తారు. పెద్ద వానకు చేలోని నీళ్లన్నీ ఆ సందులోకి దిగి, మట్టిని నేరుగా కింది ఖాళీలోకి మోసుకుపోతాయి. ఎండిపోయిన బోర్లు ఇంకా ప్రమాదం. కేసింగ్ పీకి అమ్ముకుంటారు, బొక్క మీద గోనెసంచి కప్పి రాయి పెడతారు. నీళ్లు తోడటం గురించి ఇంత కొట్లాడుతున్నాం, ఈ దారి గురించి ఎవరూ అడగరు.

చీనీతోట:
ఇది నిజం. మా చుట్టుపక్కల అట్లా వదిలేసినవి ఎన్నో ఉన్నాయి.

బుగ్గవంక:
నేను ఆ మండలంలోనే ఉంటాను. వాదన ఎట్లున్నా మాకు కావాల్సింది వేరే. గోడకు గీత పడితే చాలు, పిల్లల్ని బయట పడుకోబెట్టుకునే రోజులు చూశాం. అది మామూలు పగులో, కింద ఖాళీ వల్ల వచ్చిందో ఎట్లా తెలుస్తుంది సార్? ఇంకొకటి, ఊరి పక్కన పడిన గుంతలో చెత్త పోసి పూడుస్తున్నారు. అది సరైందేనా?

రాళ్లపాఠం:
అక్కా, చెత్త మాత్రం అస్సలు పోయనివ్వకండి. ఆ గుంత మీరు తాగే నీళ్లకు నేరుగా దారి. సున్నపురాయిలో నీరు మట్టిలో వడకట్టుకుంటూ దిగదు, సందుల్లో వేగంగా పారుతుంది. ఆ మురికి రోజుల్లోనే పక్క బోరుకు చేరవచ్చు. పూడ్చాలంటే అడుగున పెద్ద బండరాళ్లు, వాటి మీద చిన్న రాళ్లు, తర్వాత కంకర, ఇసుక, అన్నిటికంటే పైన గట్టి బంకమట్టి వేయాలి. వట్టి మట్టి పోస్తే మళ్లీ జారిపోతుంది. ముందు వాన నీళ్లు అటు పారకుండా కట్ట వేసి మళ్లించండి. అంచు దగ్గరికి ఎవరినీ పోనివ్వొద్దు, కింద ఇంకా డొల్ల ఉండొచ్చు.

గోడ పగులు ఒక్కటే చూసి భయపడొద్దు. నేల మీద గుండ్రంగా పగుళ్లు రావడం, స్తంభాలో చెట్లో ఒక పక్కకు ఒరగడం, తలుపులు కొత్తగా బిగుసుకుపోవడం, బాగా వచ్చే బోరు నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారడం, వాన నీళ్లు నిలవకుండా ఒకే చోట ఇంకిపోవడం... వీటిలో రెండు మూడు ఒకేసారి కనిపిస్తే ఇల్లు ఖాళీ చేసి మండల ఆఫీసుకు చెప్పండి.

ఎర్రమల కోన:
ఇంత తెలిశాక ఆ మండలాల్లో కొత్త బోర్లు పూర్తిగా ఆపేయాలి. 2002లోనే నీరు, భూమి, చెట్ల చట్టం తెచ్చారు. దాన్ని గట్టిగా అమలు చేస్తే చాలు.

చీనీతోట:
ఆపేయాలి అనడం సులువు. పసుపు వేసినోడు, చీనీ (బత్తాయి) పెట్టినోడు ఏం తాగి బతకాల? కాలువ నీళ్లు పారే ఊళ్లో ఉన్నవాళ్లు ఈ మాట చెప్పొచ్చు. చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఒక్క ఎండాకాలం నీళ్లు లేకపోతే ఎండిపోతుంది. కింద ఖాళీ ఉందని తేలిన చోట ఆపండి, నేనూ ఒప్పుకుంటా. ఎక్కడుందో చూడకుండా మండలం మొత్తం ఆపితే, పక్కోడి చేలో ఉన్న డొల్లకు నేను శిక్ష పడాలా?

రాళ్లపాఠం:
ఇందులో చీనీతోట అన్న చెప్పిందే న్యాయం. నేలలోకి కరెంటు పంపి లోపలి పొరలు తెలుసుకునే రెసిస్టివిటీ సర్వే ఉంది. గాలి నిండిన ఖాళీ కరెంటును బాగా అడ్డుకుంటుంది. నీరో తడి బంకమట్టో నిండి ఉంటే సులువుగా పోనిస్తుంది. ఆ తేడాను బట్టి ఎక్కడ అనుమానించాలో తెలుస్తుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు ఇట్లాంటి పనిలో ఎంతో అనుభవం ఉంది. సున్నపురాయి మీద మందంగా మట్టి ఉన్న ఊళ్లన్నింటికీ ప్రభుత్వ ఖర్చుతో ఈ పటం గీయించాలి. టెంకాయ పట్టుకుని పాయింట్ చూసేవాళ్లకు నీళ్ల సంగతేమో గానీ, డొల్ల సంగతి తెలియదు. రైతు ఒక్కడే సొంత ఖర్చుతో సర్వే చేయించుకోవాలనడం మాత్రం అన్యాయం.

పాపాఘ్ని గట్టు:
అందరికీ నమస్కారం. మా బంధువులకు ఇదంతా చదివి వినిపించాను. జిల్లా భూగర్భ జల శాఖ ఆఫీసులో సర్వేకు అర్జీ పెడతామన్నారు. అది తేలేదాకా బోరు బండిని పిలవరు. చేలో రెండు పాత బోర్లు తెరిచే ఉన్నాయట. బోరుబండి అన్నా, వాటిని ఎట్లా మూయాలో చెప్తారా?

బోరుబండి:
ముందు లోపల మోటారు, పైపులు ఏమైనా ఉంటే తీయించండి. అడుగు నుంచి కంకర పోసుకుంటూ రండి, గబగబా పోస్తే మధ్యలో ఇరుక్కుంటుంది. పైన ఇరవై అడుగులు మిగిలినాక బంకమట్టి వేసి, దాని మీద సిమెంటు పోయండి. ఎంత కంకర పోసినా నిండకుండా పోతుంటే ఆపేసి, సర్వే వాళ్లకు ఆ బొక్కనే మొదట చూపించండి.