దసరా సెలవుల్లో కలిసినవాడిని వదులుకోవాలని లేదు, సలహా చెప్పండి

అన్నలూ అక్కలూ, మాది హనుమకొండ. ఇద్దరం మగవాళ్లమే, ముప్పైకి దగ్గర పడ్డవాళ్లం. చిన్నప్పుడు వాడు పక్క గల్లీ, క్రికెట్‌లో ఎదుటి టీం, అంతకుమించి పరిచయం లేదు, తర్వాత వాళ్ల కుటుంబం కరీంనగర్ వెళ్లిపోయింది.

ఈసారి పండక్కి అమ్మమ్మ ఇంటికొచ్చాడు. సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర వాళ్లక్క బతుకమ్మను మోస్తూ కనిపించాడు, నన్ను గుర్తుపట్టి పిలిచింది కూడా వాడే. ఆ తర్వాత రోజూ కలిశాం. బైక్ మీద రామప్ప వెళ్లాం, గుడి కన్నా చెరువు కట్ట మీదే ఎక్కువసేపు కూర్చున్నాం, అక్కడే వాడు నా చెయ్యి పట్టుకుని చిన్నప్పటి నుంచీ నువ్వంటే ఇష్టం అన్నాడు. దసరా నాడు జమ్మి ఆకు పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటే ఎవరూ పట్టించుకోలేదు, ఊరంతా అదే చేస్తోంది కదా, కానీ మాకది వేరు.

ఇప్పుడు నేను పుణెలో, వాడు కరీంనగర్‌లో. రెండిళ్లలోనూ సంబంధాలు చూస్తున్నారు. 2018లో సుప్రీంకోర్టు ఇది నేరం కాదన్నదీ, 2023లో పెళ్లి హక్కు ఇవ్వలేదన్నదీ తెలుసు.

దూరంగా ఉంటూ నిలబెట్టుకున్నవాళ్లు ఎలా చేశారు? హైదరాబాద్‌లో ఇద్దరం కలిసి ఇల్లు అద్దెకు తీసుకుంటే ఓనర్‌కు ఏం చెప్పాలి? ఇంట్లో ముందు ఎవరికి చెప్పడం మంచిది, వాళ్లక్క మంచిదే అంటాడు, కానీ నాకు టెన్షన్‌గా ఉంది. పెళ్లి చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయనే సలహా మాత్రం దయచేసి ఇవ్వకండి.